ఫ్రీజర్ లారీ తలుపు

సంతబొమ్మాళిలో రొయ్యల పెట్టెలు ఎక్కించుకున్న ఫ్రీజర్ లారీ టెక్కలి దాటింది. డ్రైవర్ ఢిల్లేశ్వరరావు ఫోన్ మోగింది. కూతురు ప్రమోదిని.

"నాన్నా, మీ అల్లుడింకా ఇంటికి రానేదు. నీతో గాని వొచ్చినాడేటి?"

ఢిల్లేశ్వరరావుకి అప్పుడు గుర్తొచ్చింది. లోపల పెట్టెలు సర్దింది అల్లుడు నాగరాజే. సరిగ్గా చూడకుండా తలుపు గడియ పెట్టింది తను.

లారీ ఆపి, ఆ ఉక్కపోతలో వెనక్కి పరుగెత్తి తలుపు లాగాడు. తెల్లటి పొగ మొహాన కొట్టింది. మెషిన్ రొద తప్ప మరే చప్పుడూ లేదు.

"నాగరాజూ! లోపలున్నావేటి అల్లుడా?"

"ఉన్నాను మావా."

గొంతులో వణుకు లేదు. అదే ఢిల్లేశ్వరరావుని భయపెట్టింది.

"రా నాయనా, ఇంటికెల్లిపోదాం," అన్నాడు ఏడుస్తూ.

పెట్టెల వెనక చీకట్లోంచే జవాబొచ్చింది.

"తలుపు ముయ్యి మావా. బయట సలేత్తంది."