రెండు వేళ్ల పొడవు

"ప్యాంటు పొడవు తగ్గించాలమ్మా. రెండు వేళ్లు చాలు."

గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి టైలరమ్మ కుట్టు మిషను ఆపేసింది.

వసూళ్లాయన.

నాలుగు వారాల్లో ఇది నాలుగోసారి రావడం. ఇన్నాళ్లూ ఫైలు పట్టుకొచ్చాడు. ఇవాళ సంచీ పట్టుకొచ్చాడు.

ఆమె పేరు మీద ఎవరో క్రెడిట్ కార్డు తీసుకుని, తనివితీరా గీకి, చల్లగా జారుకున్నారు. బాకీ మాత్రం ఈ గుమ్మం వెతుక్కుంటూ వచ్చింది. కార్డంటే ఆమెకు తెలిసింది హుక్కులు గుచ్చి అమ్మే అట్టముక్క ఒక్కటే.

ఆ కార్డు నాది కాదు మొర్రో అని ఫోన్ల మీద ఫోన్లు చేసింది. వినే నాథుడు లేడు.

కూతురి నర్సింగు చదువుకు అప్పిస్తానన్న బ్యాంకు, తల్లి పేరు మీద ఎగవేత ఉందని కాగితాలు పక్కన పెట్టేసింది. నెలాఖరులోగా ఫీజు కట్టకపోతే సీటు ఇంకొకరిది.

ఈయనగారిది ప్రతిసారీ ఒకటే పాట.

"ఈ కాగితం మీద ఒక్క సంతకం పెట్టండమ్మా. మీకే మంచిది."

"పెట్టావో, బాకీ నీదేనని ఒప్పుకున్నట్టే," అని ఎదురింటి పిన్ని ముందే హెచ్చరించింది. పిన్ని మొగుడు కోర్టులో గుమస్తాగా చేశాడు. ఆ ఇంట్లో పిల్లికి కూడా చట్టం తెలుసు.

అంచేత టైలరమ్మ ఆ కాగితం చదవనూ లేదు, పెన్ను ముట్టుకోనూ లేదు.

"ప్యాంటుకి నేనే దొరికానా? ఊళ్లో ఇంకెవరూ కుట్టట్లేదా?"

"మీ పని బాగుంటుందని..."

"ఎవరన్నారు?"

ఆయన కాస్త తడబడ్డాడు. "నాలుగు వారాలుగా గుమ్మంలో నిలబడి చూస్తున్నాగా."

ఆమె ప్యాంటు విప్పి చూసింది. అంచు శుభ్రంగా ఉంది. పొడవూ సరిగ్గానే ఉంది. ప్రతిసారీ వేసుకొచ్చే ముదురు నీలం ప్యాంటు ఇదే. ఇవాళ వేసుకున్నదానికి మోకాలి దగ్గర అతుకుంది.

ఇంట్లో ఏమున్నాయో చూసిపోవడానికి ఇదో వంక, అనుకుంది.

"డబ్బు ముందే ఇవ్వాలి."

ఇచ్చాడు. "రసీదు ఇస్తారుగా అమ్మా?"

"ఎందుకివ్వను? మీ ప్యాంటు నేనేం చేసుకుంటాను?"

ఎప్పుడో ఒకడు దొంగ చీటీ చూపించి ఎవరిదో కొత్త కోటు పట్టుకుపోయాడు. అప్పటి నుంచి ప్రతి రసీదు మీదా ఆమె నిండు సంతకం చేస్తుంది. మొదలు సూది బెజ్జంలా ఉంటుంది, చివర దారంలా సాగుతుంది.

సంతకం చేసి, చింపి ఇచ్చింది. ఆయన దాన్ని మడత పడకుండా జేబులో పెట్టుకున్నాడు.

"రేపు రమ్మంటారా?"

"వారం పడుతుంది."

ఆయన అటు వెళ్లగానే ఆమె కత్తెర తీసుకుంది. రెండు వేళ్లు అడిగినచోట నాలుగు వేళ్లు కోసింది.

వడ్డీతో సహా.

మర్నాడు పిన్ని వచ్చి కూర్చుని, వసూళ్ల ఆఫీసుకు ఫిర్యాదు చెప్పి రాయించింది.

"గట్టిగా అరిచాడని రాయి."

"అరవలేదుగా పిన్నీ. మంచినీళ్లు కూడా అడిగి తాగాడు."

"మంచినీళ్లు తాగాడని రాస్తే ఎవరు కదులుతారే?"

టైలరమ్మ రాసింది. అరిచాడని, బెదిరించాడని, ఎదిగిన పిల్ల ముందు అనరాని మాటలన్నాడని.

ఆ కాగితం మీద మాత్రం అడక్కుండానే సంతకం చేసింది.

వారానికి ఫోనొచ్చింది. "ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశామండీ. మీకు కలిగిన ఇబ్బందికి క్షమించాలి."

పిన్ని పండగ చేసుకుంది. కూతురు మాత్రం పుస్తకం మూసింది.

"ఆయన నన్ను నర్సమ్మా అని పిలిచేవాడమ్మా. నన్నేమన్నాడని రాశావు?"

టైలరమ్మ ఇస్త్రీపెట్టె కింద లేని ముడత కోసం చాలాసేపు వెతికింది.

కొక్కేనికి నీలం ప్యాంటు వేలాడుతోంది. అటు చూడకుండా ఒక రోజు పని చేసింది. రెండో రోజు పీలికల సంచీ బోర్లించి, కోసిన ముక్కలు ఏరి, తిరిగి అతికింది. అతుకు కనపడకుండా పైకి మడిచి పట్టీలా కుట్టింది. ముప్పై ఏళ్ల పనితనం అంతా ఆ మడతలో పెట్టింది.

వస్తే డబ్బు తిరిగిచ్చేసి ఓ మాట చెప్పాలి. ఏ మాటన్నది ఇంకా కుదరలేదు.

ఇంకో వారం దాటినా ఆయన రాలేదు. ఆఫీసుకు ఫోన్ చేసి చిరునామా అడిగింది.

"బయటివాళ్లకి ఇవ్వమండీ. ఏం, మళ్లీ ఏమన్నా అన్నాడా?"

"లేదు. ఆయనది ఒక ప్యాంటు ఉంది."

అవతల ఎవరో నవ్వారు. ఫోన్ పెట్టేశారు.

నెలాఖరుకు ఆరు రోజులుందనగా వసూళ్ల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. కూతురు పైకి చదివింది. బాకీ ఆమెది కాదని తేలింది, రద్దు చేశాం, బ్యాంకులన్నిటికీ తెలియజేశాం, పొరపాటుకు చింతిస్తున్నాం.

"చూశావా, మన ఫిర్యాదు దెబ్బ!" అంది పిన్ని.

టైలరమ్మ ఆ మాటను ఒడిసి పట్టుకుంది. అబద్ధమే రాసింది, నిజమే. పిల్ల చదువు కోసమేగా రాసింది. రాయబట్టేగా సీటు దక్కబోతోంది. ఎన్నో రోజుల తర్వాత కొక్కెం వైపు తలెత్తి చూడగలిగింది.

"ఇంకో కాగితం ఉందమ్మా," అంది కూతురు. "దీన్ని చూసే తేల్చారట."

అది టైలరమ్మ ఇచ్చిన రసీదుకు నకలు, ఫిర్యాదుకు ముందురోజు తేదీ, సూది బెజ్జం లాంటి సంతకం, దాని పక్కన వసూళ్లాయన చేతిరాత: "ఆవిడ భయపడి, 'ఈ బాకీ నాది కాదు' అనే మన పత్రం మీద కూడా సంతకం పెట్టడం లేదు కనుక ప్యాంటు కుట్టడానికిచ్చి ఇది తెచ్చాను, కార్డు దరఖాస్తు మీద ఉన్న సంతకం ఈ చెయ్యి పెట్టింది కాదు, పిల్ల సీటు పోకముందే దయచేసి తేల్చండి."