అమ్మ బొమ్మ

“పైట తప్పేశావ్, చెంచమ్మా!”

గురవయ్య మాస్టారి గొంతుకి తరగతిలో చేతులన్నీ ఆగిపోయాయి. గుంటూరులో డ్రాయింగు టీచర్లకి శిక్షణ ఇచ్చే తరగతి అది. సాగరు కాలవలు ఇంకా తవ్వుతున్న రోజులు. వీధిలో మిరపకాయల బండి పోయిందంటే చాలు, లోపల పాఠం చెప్పేవాడికీ వినేవాళ్ళకీ ఒకటే తుమ్ములు.

మాస్టారిది ఒకటే పద్ధతి. అగరువత్తి వెలిగిస్తాడు. అది ఆరేలోపు వస్తువుని చూసి గబగబా బొమ్మ గీయాలి. ఇంకో వత్తి ఆరేలోపు దాన్నే బంకమట్టితో చేసి నిలబెట్టాలి. “కాయితం మీది బొమ్మకి వీపుండదు. మట్టిబొమ్మకి నాలుగు పక్కలా ముఖమే” అంటాడు. చెంబు అయింది, రోలు అయింది, ఎద్దు అయింది. ఇవాళ మాత్రం ఎదురుగా ఏమీ పెట్టలేదు. ఇంట్లో మనిషిని తలుచుకుని చెయ్యమన్నాడు.

చెంచమ్మ చచ్చిపోయిన తల్లిని చేసింది. ఆ తల్లికి ఒక్క ఫోటో కూడా లేదు. బొమ్మ కుదిరితే ఊరికి పట్టుకెళ్ళి చెల్లెలికి చూపించాలని ఆశ. చెల్లెలికి అమ్మ ముఖమే తెలియదు. ఈ సంగతి పొద్దున్నే మాస్టారి చెవిన వేసింది కూడా. ఆయన మనసు కరిగింది. అందుకే అందరికన్నా ఎక్కువసేపు ఈ బొమ్మ దగ్గరే నిలబడ్డాడు.

బొమ్మ చక్కగా కుదిరింది. మిరపకళ్ళంలో కూచుని తాలుకాయలు ఏరుతున్న మనిషి, ఓ పక్కకి వాలిన మెడ. పైట ఒక్కటే కుడిభుజం మీద ఉంది.

“బొమ్మ నీకెదురుగా కూచుందమ్మాయ్. నీ ఎడమ దానికి కుడి. అద్దంలో చూసి దువ్వుకునే వాళ్ళందరూ ఇక్కడే బోల్తా కొడతారు.”

“కాదండీ మాస్టారూ, మా అమ్మ...”

“మీ అమ్మని తప్పు పట్టట్లేదు. నీ చేతిని పడుతున్నా. ఏదీ, ఆ వెదురుబద్ద ఇటియ్యి.”

ఆయన చెయ్యి తిరిగిన మనిషి. చిటికెలో కుడి పైట ఒలిచేశాడు, ఎడమ భుజం మీద మడతలు తీర్చాడు. పైట మారాక మెడ వాలు మార్చక తప్పలేదు. మెడ మారాక గడ్డం కాస్త ఎత్తాడు.

“ఇప్పుడు చూడు. లేచి మాట్లాడదూ?”

చెంచమ్మ కళ్ళు తుడుచుకుంది. మిరప ఘాటనుకున్నాడు మాస్టారు.

“రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని ఈ బొమ్మనే తలుచుకో. తర్వాత చూడకుండా గీయి. వేళ్ళకి ఎక్కిపోవాలి” అని పని అప్పజెప్పాడు.

చెంచమ్మ చెప్పినమాట వినే పిల్ల. అదే కొంప ముంచింది. సెలవులిచ్చేదాకా ఒక్క పొద్దూ తప్పకుండా గీసింది.

సెలవులకి చెంచమ్మని తీసుకెళ్ళడానికి ఒంగోలు పక్క పల్లె నుంచి అమ్మమ్మ పేరమ్మ వచ్చింది. మాస్టారు ఆవిణ్ణి తానే లోపలికి పిలిచి, ఆరిన బొమ్మని కిటికీ వెలుగులో పెట్టి చూపించాడు.

“ఎట్లా ఉందమ్మా?”

“లక్షణంగా ఉందయ్యా. ఎవురీ తల్లి?”

“అదేంటమ్మా, నీ కూతురే!”

పేరమ్మ బొమ్మ చుట్టూ తిరిగి చూసింది. “నా కూతురా? ఏందయ్యా మీ ఎగతాళి! మా ఇళ్ళల్లో కుడిపైట గదా. ఈమె ఎవరో పట్నం మడిసి.”

అప్పుడు చూశాడు మాస్టారు. పేరమ్మ పైట కుడిభుజం మీదే ఉంది. కుడిపైట వేసే ఇళ్ళున్నాయని ఆయనకి తెలియనిది కాదు. ఆ రోజు అది తట్టనేలేదు.

“నువ్వు వేసుకునేది ఎడమపైటేగా చెంచమ్మా?”

“హాస్టల్లో నవ్వుతున్నారని మార్చుకున్నానండీ.”

“మరి ఆ రోజే చెప్పొద్దూ!”

“మొదలుపెట్టానండీ.”

గురవయ్యకి తల కొట్టేసినట్టయింది. పిల్లలకి చూడడం నేర్పుతున్నానని ఇన్నాళ్ళూ విర్రవీగిన మనిషి. ఆడపిల్ల తల్లిని తలుచుకుని చేసుకున్న బొమ్మని ఒక్క మాట వినకుండా చెడగొట్టాడు.

“తప్పు నాదే తల్లీ” అన్నాడు.

గబగబా వెళ్ళి కొత్త మట్టి తెచ్చాడు. తనే తడిపి, రాళ్ళేరి, వెన్నలా పిసికి, ముద్ద చేసి చెంచమ్మ ముందు పెట్టాడు. ఈసారి అగరువత్తి వెలిగించలేదు.

“ఎంతసేపైనా పట్టనీ. మీ అమ్మ నీకెట్లా గుర్తుందో అట్లాగే చెయ్యి. ఇక నేను వేలు పెట్టను.”

చెంచమ్మ కళ్ళు మూసుకుంది. చేతులు మట్టి మీద ఆన్చింది. అవి కదల్లేదు.

“చెయ్యవే తల్లీ, నీకు రాందేముంది!” అంది పేరమ్మ.

చెంచమ్మ కళ్ళు గట్టిగా బిగించింది. తర్వాత కళ్ళు తెరవకుండానే, మెల్లగా అంది.

“ఎంత తలుచుకున్నా మా అమ్మ రావట్లేదండీ మాస్టారూ. మీరు దిద్దినావిడే వస్తోంది.”