ఆయిల్ ఎక్కాలి బావా!

కొత్త టర్బో బిగించీ బిగించగానే బావ లారీ ఎక్కి తాళం తిప్పబోయాడు.

"ఆగు బావా! గొంతు తడవకుండా తిప్పితే ఇదీ పాతదాన్లాగే కాలిపోతుంది," అంది మరదలు. ఆ షెడ్డుకి ఆమే మెకానిక్. టర్బోలో ఆయిల్ పోసి, లోపలి చక్రాన్ని వేలితో తిప్పింది. ఇంజన్ అంటుకోకుండా డీజిల్ కట్టేసింది. "ఇప్పుడు సెల్ఫ్ కొట్టు. కింది పైపులోంచి ఆయిల్ కారేదాకా ఆగి ఆగి కొట్టాలి."

కొట్టాడు. "వచ్చిందా?"

"ఎక్కడ? మళ్ళీ కొట్టు."

షెడ్డు వెనకే అత్తారిల్లు. అలిగొచ్చిన భార్య వారంగా అక్కడే ఉంది. "నేను లారీ పని మీదే వచ్చాను," అని ఎవరూ అడక్కుండానే రెండుసార్లు చెప్పాడు బావ.

తొమ్మిదోసారికి బ్యాటరీ నీరసపడింది. "ఈ రొదకి వీధంతా వచ్చేలా ఉంది. ఇంకా ఎక్కలేదా?"

అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. భార్య సంచీతో వచ్చి, మొహం అటు తిప్పుకునే పక్కసీట్లో కూర్చుంది.

మరదలు డీజిల్ వదిలి చేతులు తుడుచుకుంది.

"ఆయిల్ రెండోసారికే వచ్చింది బావా. మిగతా ఏడూ అక్క సంచీ సర్దుకోడానికి. ఇక స్టార్ట్ చెయ్యి. మొదటి ఐదు నిమిషాలు మాత్రం ఇంజన్నీ రైజ్ చెయ్యకు, నువ్వూ రైజ్ అవ్వకు."