లిఫ్టు గోడ మీది ఆకాశం

ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంటుకీ నీళ్ల ట్యాంకు ఉన్నట్టే అంతరిక్షంలో ఒక టెలిస్కోపూ ఉంది. మంగళగిరిలో పానకాలు ఉండే అపార్ట్‌మెంటుకు దాన్ని చూసుకునే ఇంజనీరు అతనే. అది తీసిన ఫొటో రోజూ లిఫ్టు గోడ మీద కనబడుతుంది.

అందులో ఒక చుక్క ఒకరోజు వెలుగుతూ మరోరోజు మసకబారుతోందని, కళ్లకు చిరాగ్గా ఉందని జనం సణిగారు. పానకాలు పాత ఫొటోలతో సహా అన్నింట్లోంచీ, బియ్యంలో రాయి ఏరినట్టు, దాన్ని ఏరిపారేశాడు.

మర్నాడు మూడో అంతస్తులో ఉండే శాస్త్రవేత్త వకుళగారు వచ్చారు. ఆ చుక్కనే ఏళ్ల తరబడి చూస్తున్నారావిడ.

"చుక్క కనబడట్లేదు బాబూ. ఆరిపోయిందా?"

"లేదు మేడమ్. టెలిస్కోపులో లోపమని నేనే తీసేశాను. ఇక రాదు," అన్నాడు గర్వంగా.

"అసలు ఫొటోలు ఉంచావా?"

"పాడైనవి దేనికండీ?"

"లోపమో, నిజంగా అక్కడేదైనా ఉందో తేల్చుకుందామనే కదయ్యా ఇన్నాళ్లూ చూశాను," అన్నారావిడ మెల్లగా. తిట్టినా బాగుండేది. పానకాలుకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం లిఫ్టులో ఎవరో, "ఆకాశం అద్దంలా ఉందయ్యా, పనంటే నీదే," అని భుజం తట్టారు.

అప్పటినుంచీ పానకాలు ఐదో అంతస్తులోని తన ఇంటికి మెట్లెక్కే వెళ్తున్నాడు. మూడో అంతస్తు రాగానే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటాడు.