ఆఖరి నూట నలభై అడుగులు

"పేరయ్య గారి గిత్తలు పది రౌండ్లు పూర్తి చేశాయి! మూడు వేల అడుగులు! ఇంకో నూట నలభై అడుగులు దాటితే అద్దంకి జత వెనకపడ్డట్టే! టైము మూడు నిమిషాలుంది!"

మైకులో ఆ అరుపు వినగానే యలమందయ్యకి కడుపులో పచ్చిమిరపకాయలు నూరినట్టయింది.

"పేరయ్య గారి గిత్తలంట! ఎవడి గిత్తలే అవి?" అన్నాడు పక్కనున్న కూతురు భవ్యతో. "ఆ ఎడమ పక్కది మన బుల్లోడు కాదటే? పత్తిగింజలు పెట్టి, ఉలవలు పెట్టి పెంచింది నేను. పేరేమో వాడికి!"

"అమ్మింది నువ్వే కదా నాన్నా. జత గిత్త చచ్చిపోయాక ఒంటెద్దుతో ఏం చేస్తామన్నావు."

"అమ్మాను, సరే. పేరు కూడా మార్చాలా? టైగరంట, టైగరు! చిలకలూరిపేట రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టించాడు, చూశావా? వాడు మీసం మెలేసుకుని, పక్కన మన బుల్లోడు. అటు పోయినప్పుడల్లా ఒళ్ళు మండిపోతోంది."

భవ్య ఇంటరు చదివే పిల్ల. బండలాగుడులో ఎంత పని జరుగుతుందో లెక్కగట్టుకు రమ్మని ఫిజిక్సు సారు చెప్పారంటూ, రానంటే రానన్న తండ్రిని పొద్దున్నే ఈ సత్తెనపల్లి పోటీకి లాక్కొచ్చింది. బాట మొదట్లో జనం తోసుకుంటున్నారని, మూడొందల అడుగుల అవతల దాని చివర తాడు పక్కన చోటు చూసింది కూడా తనే.

పదకొండో రౌండు మొదలైంది. ఇరవై క్వింటాళ్ళ బండ గరగరమంటూ ఇటే వస్తోంది. గిత్తల మూతుల నిండా నురగ. వాటి పక్కనే పేరయ్య గొంతు చించుకుంటున్నాడు.

వాడు గెలవకూడదు. అంతే. అద్దంకోళ్ళు గెలిచినా ఫరవాలేదు, ఊరూ పేరూ తెలియనోడు గెలిచినా ఫరవాలేదు. పక్కింటి పేరయ్య మాత్రం ఆ కప్పు పట్టుకుని తన గుమ్మం ముందు నుంచి ఊరేగకూడదు.

"బాగా అలిసిపోయాయి నాన్నా," అంది భవ్య, పుస్తకంలో పెన్ను ఆడిస్తూ. "బండ కదులుతోంది కాబట్టి సరిపోయింది. కదిలేదానికి గతిశక్తి ఉంటుంది. ఒక్కసారి ఆగిందా, అది కాస్తా సున్నా."

"ఆగితే మళ్ళీ లాగలేవా?"

"కదులుతున్న బండని లాగేదానికంటే ఆగిన బండని కదిలించడానికే ఎక్కువ బలం కావాలి. ఇప్పుడు వీటికి అంత ఓపికెక్కడిది? ప్రాణం పోయేలా గుంజినా బండ జరగలేదనుకో, చేసిన పని కూడా సున్నానే."

"అంత చెమటోడ్చినా సున్నానా?"

"సున్నానే. ఒక్కసారి ఆగితే చాలు, పేరయ్య బాబాయి పని అయిపోయినట్టే."

బుల్లోడిని ఆపే మంత్రం ఈ భూమ్మీద యలమందయ్య ఒక్కడికే తెలుసు. రోజూ సాయంత్రం పొలంలో ఒక్క కేక పెట్టి, వంగి గడ్డిమోపు కట్టుకుని తలెత్తేసరికి వాడు ఎదురుగా బొమ్మలా నిలబడి ఉండేవాడు.

"మూడు వేల తొంభై!" అంది మైకు. "ఒక్క నిమిషమే ఉంది!"

తప్పురా, మూగజీవం అంది మనసు. తప్పూ లేదు తాటికాయా లేదు అనుకున్నాడు. తాడు మీదకి వంగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"హోయ్... బుల్లోడా... హోయ్!"

బుల్లోడి చెవులు నిక్కబొడుచుకున్నాయి. కాళ్ళు ఆగాయి. బండ ఆగింది. జనం "అయ్యో" అన్నారు. యలమందయ్యకి ఏడాదిగా రగులుతున్న కడుపు ఒక్కసారిగా చల్లబడింది.

అంతలో బుల్లోడు తలెత్తి చూశాడు. తాడవతల యలమందయ్య కనపడ్డాడు.

ఒక్క రంకె వేశాడు. మెడ వంచి గుంజిన గుంజుకి బండ కింద మట్టి లేచింది. జత గిత్తకి వెంట ఉరకక తప్పలేదు. నూట నలభై కాదు, రెండొందలు దాటింది, రెండొందల యాభై దాటింది. పేరయ్య పట్టుకోలేక వెనకపడ్డాడు. బాట చివరికంటా వచ్చి, తాడు మీదుగా మూతి చాపి, యలమందయ్య గుండెల మీద పెట్టి అప్పుడు ఆగాడు బుల్లోడు. బొమ్మలా ఆగాడు.

"మూడు వేల మూడు వందల అడుగులు! మొదటి బహుమతి పేరయ్య గారి గిత్తలకే!"

నాకే ఎందుకిలా జరగాలిరా దేవుడా అనుకున్నాడు యలమందయ్య. అనుకుంటూనే, తన ప్రమేయం లేకుండా చెయ్యి వెళ్ళి బుల్లోడి గంగడోలు నిమిరింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపు పేరయ్య గెలిచినందుకో, బుల్లోడు మర్చిపోనందుకో ఆయనకే తెలియలేదు.

పేరయ్య రొప్పుతూ వచ్చాడు. బండ ఆపినందుకు కొడతాడేమోనని యలమందయ్య ఓ అడుగు వెనక్కి వేశాడు. పేరయ్య మాత్రం తన తలపాగా తీసి ఆయన భుజాన కప్పాడు.

"దండమన్నా! నీ కేక లేకపోతే ఈ కప్పు లేదు," అని, భవ్య వైపు తిరిగాడు. "నువ్వు అన్నది అన్నట్టే జరిగిందమ్మా!"

యలమందయ్య కూతురి చేతిలోని పుస్తకంలోకి తొంగి చూశాడు. పేజీలో ఒక్క అక్షరం లేదు.

"చెప్పాగా బాబాయ్," అంది భవ్య నవ్వుతూ, "బుల్లోడు నాన్న దగ్గరకొస్తేగానీ ఆగడు. నాన్నేమో, బండ ఆగితే నువ్వు ఓడిపోతావని తెలిశాక కేకెయ్యకుండా ఆగడు!"