మిసెస్ ఆర్ కేస్ స్టడీ

"సాయంత్రం ఐదులోపు మీరు జవాబులు చెప్పకపోతే నా డిగ్రీ పోతుంది అత్తయ్యా," అంది కృష్ణవేణి, వంటింట్లో బల్ల మీద లాప్‌టాప్ తెరుస్తూ.

రాజేశ్వరమ్మ ఒళ్లో మనవడున్నాడు. ముందు చిక్కుడుకాయలున్నాయి. "నాకేం చదువొచ్చని నన్నడుగుతావమ్మా?" అంది.

"చదువు అక్కర్లేదు. ముసలితనం ఉంటే చాలు."

కృష్ణవేణి చదివేది హెల్త్ అండ్ సోషల్ కేర్. రోగుల్ని, ముసలివాళ్లని ఎలా చూసుకోవాలో పుస్తకాల్లో నేర్పే చదువు. ఆఖరి సెమిస్టర్‌కి ఒక వృద్ధురాలి మీద కేస్ స్టడీ రాయాలి. కల్పించి రాసినట్టు తేలితే డిగ్రీ ఇవ్వరు. అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో వాళ్ల పై ఫ్లాట్ ఆంటీని ముందే మాట్లాడి పెట్టుకుంది. తీరా ఆవిడ కూతురు పొద్దున ఫోన్ చేసి, మా అమ్మని ప్రశ్నలడగడానికి వీల్లేదంది. ఇక మిగిలింది అత్తగారే. పిల్లాణ్ణి చూసుకోవడానికి ఆర్నెల్లకని వచ్చింది. ఇది ఐదో నెల. అంతకుముందు ఆర్నెల్లు కృష్ణవేణి తల్లి వంతు.

"రోజుకి ఎన్ని గంటలు విశ్రాంతి?"

"వీడు పడుకున్నప్పుడు."

"అంటే ఎంతసేపు?"

"వీడు పడుకుంటే అంట్లుంటాయిగా."

'విశ్రాంతి లేదు' అని టైప్ చేసింది కృష్ణవేణి. "ప్రత్యేకంగా గది?"

"హాల్లో సోఫా ఉందిగా."

"చివరిసారి ఎప్పుడు బయటికి వెళ్లారు?"

"ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి రావడమే."

"మాట్లాడుకోవడానికి మనుషులు?"

"వీడే. వీడికింకా మాటలు రాలేదు."

కృష్ణవేణి కళ్లు మెరిశాయి. "ఎంత బాగా చెప్తున్నారు అత్తయ్యా. పై ఫ్లాట్ ఆంటీ దగ్గర ఇంత మెటీరియల్ దొరికేది కాదు. ఆ పాలు పొంగుతున్నాయి, కట్టేసి రండి."

రాజేశ్వరమ్మ బల్ల పట్టుకుని లేచింది. పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్లి, స్టవ్ కట్టేసి, మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి కూచుంది.

"ఆ మోకాళ్ల నొప్పులకి డాక్టర్‌కి చూపించారా?"

"తెచ్చుకున్న మాత్రలు అయిపోయాయి. ఇన్సూరెన్స్ లేదు, ఇండియా వెళ్లాక చూపించుకోండని నువ్వే అన్నావుగా."

"ఎవరన్నారన్నది అక్కర్లేదు. పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంది?"

"నీ బీరువాలో."

'కుటుంబసభ్యుల అధీనంలో' అని కొట్టింది. "ఇదొక్కటి చాలు, మార్కులు ఇట్టే పడతాయి. వాసనొస్తోంది, వాడికి డైపర్ మార్చండి."

నాలుగున్నరకల్లా రిపోర్ట్ తయారైంది. నియమం ప్రకారం పేరు దాచి మిసెస్ ఆర్ అని రాసింది. 'ఈ కుటుంబానికి మనసు లేదు. ఇలాంటివాళ్లని ప్రభుత్వం ఉపేక్షించకూడదు' అని ముగించింది. తన ఇంగ్లీషుకి తనకే కళ్లు చెమర్చాయి. అనుమతి కాగితం మీద మాత్రం అసలు పేరు, అసలు అడ్రస్ ఉండాలి. వేలు పెట్టి చూపిస్తే రాజేశ్వరమ్మ అక్కడ తెలుగులో సంతకం పెట్టింది.

నాలుగో రోజు ప్రొఫెసర్ నుంచి మెయిల్ వచ్చింది. ఈ ఏడాది చదివినవాటిలో ఇదే గొప్పదట. చదువుతూ ఆవిడ ఏడ్చిందట. 'ఏ' గ్రేడ్ ఇచ్చింది. కృష్ణవేణి వెంటనే ఫేస్‌బుక్‌లో పెట్టుకుంది. మెయిల్లో కింద ఇంకో పేరా ఉంది. అంతదాకా చదివే తీరిక ఆమెకు లేకపోయింది.

మర్నాడు పొద్దున పదింటికి బెల్ మోగింది. మెడలో ఐడీ కార్డు, చేతిలో ఫైలు. ముసలివాళ్ల బాగోగులు చూసే కౌంటీ ఆఫీసు నుంచి వచ్చిన ఆఫీసరమ్మ.

"మిసెస్ ఆర్ ఉండేది ఇక్కడేనా? యూనివర్సిటీ నుంచి ఫిర్యాదు వచ్చింది. ఇలాంటివి తెలిస్తే మాకు చెప్పి తీరాలని వాళ్లకి రూలు. మీరెవరు?"

"కోడల్ని."

"మరి ఈ రిపోర్ట్ రాసిన కృష్ణవేణి?"

"అదీ నేనే."

ఆఫీసరమ్మ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. "ఇందులో ఉన్నది నిజమని తేలితే మీ పేరు రికార్డుకెక్కుతుంది. తర్వాత ఈ ఫీల్డ్‌లో ఎవరూ మీకు ఉద్యోగం ఇవ్వరు," అని, తెలుగు దుబాసీకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

ఆ కాస్త వ్యవధిలో కృష్ణవేణి వంటింట్లోకి పరుగెత్తింది. అత్తగారి చంకలోంచి పిల్లాణ్ణి తను ఎత్తుకుంది.

"అత్తయ్యా, మీ కాళ్లు పట్టుకుంటా. అదంతా నేను కల్పించి రాశానని చెప్పండి. ఒక్కటీ నిజం కాదనండి."

"అట్లాగే చెప్తాలే. దానికి కాళ్లెందుకు, నొప్పులున్న కాళ్లు," అంది రాజేశ్వరమ్మ.

హాల్లో ఆవిడ కూచోవడానికి కృష్ణవేణే కుర్చీ వేసింది. ఫోన్లోంచి ఆడగొంతు పలికింది. "నమస్కారమండీ పెద్దమ్మగారూ. టిఫిన్ చేశారా?"

ఆ మాట విని చాలా రోజులైనట్టు రాజేశ్వరమ్మ కాసేపు ఫోన్ వంకే చూసింది. "చేశానమ్మా," అంది.

"ఇంట్లో మిమ్మల్నెవరైనా ఇబ్బంది పెడుతున్నారా?"

"లేదమ్మా. నా కోడలు బంగారం."

"మరి ఈ రిపోర్ట్‌లో ఉన్నవన్నీ?"

"అంతా కల్పించిందే. ఒక్క ముక్క నిజం లేదు. నన్నసలు ఏమీ అడగలేదు, తనంతట తనే రాసుకుంది."

దుబాసీ ఇంగ్లీషులో చెప్పింది. ఆఫీసరమ్మ కృష్ణవేణి వైపు తిరిగింది. "నిజమేనా?"

"నిజమే. అక్షరం అక్షరం నేనే కల్పించాను," అంది కృష్ణవేణి గబగబా.

ఆఫీసరమ్మ కేసు కొట్టేసి ఫైలు మూసింది. కృష్ణవేణి గట్టిగా ఊపిరి పీల్చుకుని, పిల్లాణ్ణి మళ్లీ అత్తగారి ఒళ్లో పడేసింది.

ఆఫీసరమ్మ లేస్తూ ఇంకో కాగితం తీసి కృష్ణవేణి ముందు పెట్టింది. "మీ అత్తగారు సుఖంగా ఉన్నందుకు చాలా సంతోషం. ఇప్పుడు మీరన్న మాటే ఇక్కడ రాసి సంతకం పెట్టండి, మీ యూనివర్సిటీకి పంపాలి."