ఉప్పు తిన్న జిన్ను

"ఎట్లుండాది?" చదివిన పుస్తకం తిరిగిస్తున్న సాజియాను ఫిరోజా అడిగింది. జిన్నుకూ ఒంటరి టీచరమ్మకూ ప్రేమ. ఫిరోజా రాసిన మొదటి నవల.

"పర్వాలేదు ఆపా. భయం మాత్రం కాలే."

"ఎందుకు?"

"జిన్నులు ఉప్పు ముట్టవంటారు గదా. నీ జిన్ను అన్నానికి ముందు ఉప్పు నాకి, ఆ వేలు చెవి వెనక తుడుచుకుంటాండాడు."

"మనోళ్లంతా మొదట ఉప్పే నాకుతారు గదా. ఆ అలవాటులో రాసేసినా."

"నాకుతారు. చెవి వెనక తుడుచుకునేది బద్వేల్లో మా ఆయనొక్కడే."

ఫిరోజా ఆ పేజీ కోసం తిరగేసింది. దాని అంచు అప్పటికే మడిచి ఉంది.

"ఆయన నీ గడప తొక్కలేదంటివి గదా ఆపా," అంది సాజియా మెల్లగా.